వార్ధక్యం – విస్మృతి

ఉర్దూ మాట్లాడే ఇళ్ళలో వయసు మళ్ళినవారిని గురించి తరచుగా వినిపించే మాట ఒకటున్నది: "సఠియా గయే". సాఠ్ అంటే అరవై. అరవై దాటగానే మనిషికి మతి సడలుతుందన్న నమ్మకంలోంచి ఏకంగా ఒక క్రియాపదమే పుట్టుకొచ్చింది. తెలుగువారు ఇదే పనికి 'చాదస్తం' అనే మాటను వాడుకున్నారు. ఛందస్సును, అంటే వేదాన్ని, వల్లించేవాడు ఛాందసుడు. ఆయన పట్టుదల ఛాందసం. అది జనుల నోట నలిగి చాదస్తమై, చివరకు ఇంటింటి ముసలివారి నెత్తిన వచ్చి పడింది. రెండు భాషలూ నడిచే మన కళాశాలలో ఈ రెండు మాటలూ నిత్యం చెవిన పడుతూనే ఉంటాయి. భాషోపాధ్యాయుణ్ణి కనుక మాటల దగ్గర మొదలుపెట్టాను గాని, నేను చెప్పదలచినది మాటలను గురించి కాదు. ఆ మాటల చాటున మనం చూడకుండా వదిలివేస్తున్న మనుషులను గురించి.

ఆ మాటలు పుట్టిన నాడు అరవై నిండినవారు ఊరికి ఏ పదిమందో ఉండేవారు. నేడు అరవై ఏళ్ళ మనిషి ఉద్యోగ విరమణ చేసి మరొక ఉద్యోగం వెదుక్కుంటున్నాడు. ఎనభై అయిదు, తొంభై దాటినవారు మన వీధుల్లోనే ఉన్నారు. వీరిలో ఎవరికి జ్ఞాపకశక్తి నశిస్తున్నది, ఎవరికి నిలుస్తున్నది, అందుకు కారణాలేమిటి అన్న ప్రశ్న వైద్యుల గదిలోనిదే కాదు, ప్రతి ఇంటి వసారాలోనిది కూడా. అరవై, డెబ్బై ఏళ్ళవారిని చూచి వేసిన లెక్కలను తొంభై ఏళ్ళవారికి యథాతథంగా అంటగట్టడం పొరపాటని నా అభిప్రాయం. ఆ పొరపాటు వలన ఒకవైపు లేని రోగాన్ని అంటగడుతున్నాం, మరొకవైపు ఉన్న రోగాన్ని ముసలితనమని కొట్టిపారేస్తున్నాం.

మా నానీమా 2023లో, సుమారు తొంభై రెండవ ఏట కన్నుమూసింది. 'సుమారు' అనడానికి కారణమున్నది. ఆమెకు జనన ధ్రువపత్రం లేదు. ఆధార్ కార్డులో జనవరి ఒకటవ తేదీ అని ఉండేది. ఆ తరంలో ఎందరికో జనవరి ఒకటే పుట్టినరోజు. తేదీ చెప్పలేనివారికి గుమాస్తా వేసే తేదీ అది. మేము మరొక విధంగా లెక్కించేవాళ్ళం. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగిననాడు నల్లగొండ జిల్లాలోని మా ఊళ్ళో ఆమె చంకన మా పెద్దమామ నెలల బిడ్డ. అప్పటికి ఆమెకు పదిహేడేళ్ళు అనుకుంటే పుట్టింది 1931లో. అత్యంత వృద్ధులను గురించి మన దేశంలో ఏ పరిశోధన చేయబూనినా తొలి అడుగులోనే తగిలే చిక్కు ఇది: వారి వయస్సే రూఢిగా తెలియదు.

2019 ఏప్రిలులో ఆమెను పట్టణంలో ఒక వైద్యుని వద్దకు తీసుకువెళ్ళాము. అప్పటికి ఏడాదిగా ఆమె మాటలు తగ్గిపోయాయి. అడిగినదానికి సంబంధం లేని జవాబు చెప్పేది. పిలిస్తే పలికేది కాదు, పలికితే విసుక్కునేది. ఇంట్లో అందరూ ఆ మాటే అనేశారు: సఠియా గయీ. వైద్యుడు యువకుడు, మర్యాదస్థుడే. కాని బయట నలభై మంది వేచి ఉన్నారు. ఆయన ఈ రోజు తేదీ ఎంత అని అడిగాడు. నేను ఆమె చెవి దగ్గర నోరు పెట్టి మళ్ళీ అడిగాను. "శాబాన్ పదమూడు. రేపు జాగ్‌నే కీ రాత్" అన్నది. ఆయన నా వంక చూచి, కాగితం మీద సున్న వేశాడు. వందలోంచి ఏడు తీసివేస్తూ పొమ్మన్నాడు, ఆమెకు వినబడలేదు. ఒక వాక్యం రాయమన్నాడు. ఆమె జీవితమంతా చూచి ఖురాను చదివిన మనిషే గాని, కలం పట్టి ఒక్క అక్షరం రాసినది కాదు. బడి ముఖం ఎరగదు. ముప్పై మార్కుల ఆ పరీక్షలో మా నానీమాకు వచ్చిన మార్కులు చెప్పడం నాకిష్టం లేదు. ఇంటికి వచ్చి గోడమీది పంచాంగం చూశాను. ఆ రోజు శాబాన్ పదమూడే.

ఆ ప్రశ్నావళి 1975లో అమెరికాలో తయారయినది. అక్షరాస్యులను ఉద్దేశించి చేసినది. దాన్ని మన పల్లెల్లో ఉన్నదున్నట్టు వాడరాదని గ్రహించినవారు మన దేశంలోనే ఉన్నారు. హర్యానాలోని బల్లభ్‌గఢ్ పరిసర గ్రామాల్లో పనిచేసిన భారత, అమెరికా పరిశోధకులు చదువురాని వృద్ధుల కోసం దాన్ని హిందీలో తిరగరాసి 1995లో ప్రకటించారు. "కళ్ళు మూసుకోండి" అని రాసి చదివించే బదులు, నేను చేసినట్లు చేయండి అని ఎదుట కూర్చుని చేసి చూపించే పద్ధతి పెట్టారు. ఇంత చిన్న మార్పు మా వైద్యుని గది దాకా నడచి రావడానికి ఇరవై నాలుగేళ్ళు చాలలేదు.

ఇక తొంభై దాటినవారిని గురించి శాస్త్రం ఏమంటున్నదో చూద్దాం.

కాలిఫోర్నియాలో లగూనా వుడ్స్ అనే ఊరున్నది. ఉద్యోగ విరమణ చేసినవారు స్థిరపడే కాలనీ. పూర్వం దానికి లీజర్ వరల్డ్ అని పేరు. 1981లో అక్కడి నివాసులు వేలమంది తమ ఆహారం, వ్యాయామం, జబ్బులు, అలవాట్లను గురించిన ప్రశ్నావళికి జవాబులు రాసి ఇచ్చారు. 2003లో ఇర్వైన్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ఆచార్యురాలు క్లాడియా కవాస్, ఆమె సహచరులు వారిలో తొంభై దాటి బ్రతికి ఉన్నవారిని వెదకి పట్టుకొని, ఆరు నెలలకొకసారి పరీక్షించడం ప్రారంభించారు. మొత్తం మీద పదహారు వందలమందికి పైగా అందులో చేరారు. వారిలో చాలామంది మరణానంతరం తమ మెదడును పరీక్షకు ఇవ్వడానికి కూడా అంగీకరించారు. ఇరవై రెండేళ్ళకు ముందు రాసిచ్చిన జవాబులు ఒక చేత, తొంభై ఏళ్ళ మనిషి మరొక చేత ఉన్న ఇటువంటి అవకాశం అరుదు.

పెద్దలు సాధారణంగా ఒక ఊరట చెప్పుకుంటారు: ఎనభై, ఎనభై అయిదు దాకా మతి నిలిచినవాడికి ఇక భయం లేదని. ఆ ఊరటను ఈ పరిశోధన నిలువనీయలేదు. డిమెన్షియా లేని తొంభై మొదలు తొంభై నాలుగేళ్ళ వారిలో ఏడాదికి నూటికి సుమారు 13 మందికి అది కొత్తగా వస్తున్నది. తొంభై అయిదు మొదలు తొంభై తొమ్మిది వరకు అది 21. నూరు దాటితే 41. 2010లో ప్రకటించిన ఈ అంకెలు నిటారుగా పైకే పోతున్నాయి గాని ఎక్కడా చదును కాలేదు. కొత్తగా వ్యాధి సోకడంలో స్త్రీ పురుష భేదం కనబడలేదు. అయినా ఏ ఒక్క రోజున లెక్కపెట్టి చూచినా, తొంభై దాటిన స్త్రీలలో 45 శాతానికి, పురుషులలో 28 శాతానికి ఆ స్థితి ఉన్నది. కారణం, వ్యాధి వచ్చిన తరువాత కూడా స్త్రీ ఎక్కువ కాలం బ్రతుకుతుంది. ఈ వాక్యాన్ని మనవళ్ళు, మనవరాళ్ళు రెండుసార్లు చదవాలి. మరచిపోయిన మనిషిగా మరికొన్నేళ్ళు ఎవరి ఇంట్లోనో ఉండవలసినది ఎక్కువగా స్త్రీయే.

అంతకంటె వింత అయిన విషయం మెదడులో కనబడింది. జర్మనీ వైద్యుడు అలోయిస్ అల్జ్‌హైమర్ 1906లో ఒక రోగి మెదడును సూక్ష్మదర్శినితో చూచి, కణాల మధ్య ప్రోటీను ముద్దలను, కణాల లోపల దారపు పోగుల వంటి చిక్కుముళ్ళను వర్ణించాడు. ఆ రోగి ముసలిది కాదు, ఆస్పత్రిలో చేరేనాటికి ఆమె వయస్సు 51 సంవత్సరాలు. ఆ విధంగా ఈ వ్యాధి శాస్త్రంలోకి అడుగుపెట్టినదే నడివయసు వ్యాధిగా. ముసలివారిని గురించి ఆలోచించడం చాలా ఆలస్యమయింది. తొంభై దాటిన వారి విషయానికి వస్తే ఆ ముద్దలకు, మతికి ఉన్న సంబంధం బాగా సడలిపోతున్నది. బ్రతికినంతకాలం డిమెన్షియాతో ఉన్నవారిలో సుమారు సగంమంది మెదడులో ఆ స్థితికి చాలినంత వికారం కనబడలేదు. చివరి దాకా తెలివితో ఉన్నవారిలో ఎందరి మెదళ్ళలోనో ఆ ముద్దలు దండిగా ఉన్నాయి. అమెరికాలో క్రైస్తవ సన్యాసినులు 678 మందిని 1986 నుండి పరిశీలించిన డేవిడ్ స్నోడన్ బృందానికీ ఇదే అనుభవం. నూట ఒక్క ఏళ్ళకు మరణించిన ఒక సోదరి చివరి వరకు పరీక్షలలో చక్కగా నెగ్గింది. మెదడు తెరచి చూస్తే అల్జ్‌హైమర్ వ్యాధి గుర్తులు నిండుగా ఉన్నాయి.

అంటే ఆ వయసులో మనిషిని పడగొట్టేది ఒక్క వ్యాధి కాదు. కొంత ఆ ముద్దలు, కొంత కంటికి కనబడనంత చిన్న రక్తనాళాలు మూసుకుపోవడం, కొంత మరొక ప్రోటీను పేరుకోవడం. ఎనభై దాటినవారిలో విరివిగా కనబడే ఈ చివరి స్థితికి 2019లో గాని శాస్త్రజ్ఞులు ప్రత్యేకంగా పేరు పెట్టలేదు. అంతవరకు దాన్నికూడా అల్జ్‌హైమర్ ఖాతాలోనే జమ వేస్తూ వచ్చారు. వీటిలో ఏ ఒక్కటో ఉంటే మనిషి తట్టుకుంటాడు. రెండు మూడు కూడితే కూలుతాడు. ఒక్క మందుతో ఈ వయసువారికి మతి తిరిగివస్తుందని ఎవరయినా చెబితే, మాట వినండి గాని డబ్బు ఇవ్వకండి.

రక్తపోటు సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. నడివయసులో అధిక రక్తపోటు ఉన్నవారికి తరువాతి కాలంలో డిమెన్షియా ముప్పు పెరుగుతుందన్నది బాగా స్థిరపడిన విషయం. కాని లగూనా వుడ్స్ వృద్ధులలో తలకిందుల ఫలితం వచ్చింది. ఎనభై దాటిన తరువాత మొట్టమొదటిసారిగా రక్తపోటు వచ్చినవారికి, అసలు రక్తపోటే లేనివారికంటె ముప్పు తక్కువ. తొంభై దాటాక వచ్చినవారికి ఇంకా తక్కువ. 2017లో ఇది వెలువడినప్పుడు పత్రికలు విచిత్రమన్నాయి. నిదానంగా ఆలోచిస్తే అంత విచిత్రం కాదు. గట్టిపడిన పాత నాళాలలో మెదడు దాకా నెత్తురు ఎక్కాలంటే కొంత ఒత్తిడి కావలసి ఉండవచ్చు. అదీగాక డిమెన్షియా పైకి కనబడడానికి ఏళ్ళ ముందే మనిషి బరువు, రక్తపోటు వాటంతటవే తగ్గడం మొదలవుతుంది. తక్కువ రక్తపోటు రోగానికి కారణం కాకపోవచ్చు, రోగపు నీడ కావచ్చు. మరొకటి కూడా ఉన్నది: నడివయసు రక్తపోటు ఎవరిని తీసుకుపోవాలో వారిని ముందే తీసుకుపోయింది, తొంభై దాకా వచ్చినవారు జల్లెడలో మిగిలినవారు.

ఇది చదివి ఎవరూ తమ తాతగారి మాత్రలు ఆపివేయరాదు. ఎనభై దాటి, రక్తపోటు బాగా ఎక్కువగా ఉన్న 3,845 మంది మీద జరిపి 2008లో ప్రకటించిన పరీక్షలో, మందు తీసుకున్నవారిలో మరణాలు తగ్గాయి. కాని డెబ్బయ్యవ ఏట రాసిన మోతాదును తొంభయ్యవ ఏట కూడా కళ్ళు మూసుకుని నడిపించడం వేరు విషయం. మా నానీమా విషయంలో జరిగినదదే. 2020లో ఒక తెల్లవారుజామున వుజూ చేసి లేస్తూ కళ్ళు తిరిగి పడిపోయింది. తుంటి ఎముక విరగలేదు, అదృష్టం. నిలబెట్టి రక్తపోటు చూడమని మరొక వైద్యురాలు చెప్పేదాకా, కూర్చోబెట్టి చూచిన అంకెనే మేమంతా నమ్ముతూ వచ్చాం. ఇరవై ఏళ్ళుగా ఒకే చీటీ మీద ఒకే మందు తెచ్చిన మనుమల్లో నేనూ ఒకణ్ణి.

ఇదే పరిశోధనను గురించి మరొక చిన్న మాట. మితంగా మద్యం, కాఫీ సేవించినవారు ఎక్కువ కాలం బ్రతికారని అందులో కనబడగానే ప్రపంచ పత్రికలన్నీ పండుగ చేసుకున్నాయి. దీర్ఘకాలం బ్రతకడం వేరు, మతి నిలవడం వేరు. పైగా, తొంభై ఏళ్ళకు కూడా నలుగురితో కూర్చుని తాగగల ఓపిక ఉన్నవాడు అసలే ఆరోగ్యవంతుడు. మన విద్యార్థులు మొదటిదాన్ని వదిలి రెండవదానితో తృప్తి పడతారని ఆశిస్తున్నాను.

డిమెన్షియాకు దారితీసే, మార్చుకోదగిన కారణాలను లాన్సెట్ అనే వైద్య పత్రిక నియమించిన సంఘం 2024లో 14గా లెక్కించింది. చదువు లేకపోవడం, వినికిడి తగ్గడం, చూపు తగ్గి చికిత్స లేకపోవడం, రక్తపోటు, మధుమేహం, కొలెస్టరాల్, స్థూలకాయం, పొగ, అతిమద్యం, కదలిక లేకపోవడం, తలకు గాయాలు, మానసిక కుంగుబాటు, ఒంటరితనం, గాలి కాలుష్యం. ఇవన్నీ లేకపోతే సుమారు 45 శాతం కేసులు తప్పడమో వాయిదా పడడమో జరుగుతుందని వారి అంచనా. ఇది పుట్టుక నుండి వార్ధక్యం దాకా జీవితమంతటి లెక్క. తొంభై ఏళ్ళ అవ్వ ఎదుట ఈ జాబితా చదివి, "నీవు లావు తగ్గాలి" అనడం హాస్యాస్పదం. ఆ వయసులో భయపడవలసినది బరువు పెరగడం గురించి కాదు, కారణం లేకుండా తగ్గడం గురించి. కొలెస్టరాల్ కూడా అంతే. అల్జ్‌హైమర్ ముప్పును పెంచుతుందని పేరుపడ్డ జన్యువు ప్రభావం సయితం తొంభై దాటాక చాలావరకు పలుచబడుతుంది.

మరి ఆ వయసులో కూడా పలుచబడనివి ఏవి? నాకు అర్థమయినంతలో చదువు, కాళ్ళు, చెవులు, మనుషుల తోడు.

కాళ్ళ సంగతి సూటిగా ఉన్నది. కుర్చీలోంచి చేయూత లేకుండా లేవగలగడం, నాలుగు గజాలు నడవగలగడం, ఒంటి ఊనికన నిలబడగలగడం, చేతి పట్టు: ఇవి బలహీనపడిన తొంభై ఏళ్ళవారిలో డిమెన్షియా ముప్పు ఎక్కువని ఆ కాలిఫోర్నియా వృద్ధులలోనే తేలింది. ఏది కారణమో ఏది కార్యమో విడదీయడం కష్టమే. కాని "నువ్వు లేవకు నానీమా, కూర్చో, మేం తెస్తాం" అని మనం ప్రేమతో అనే మాట అంత నిరపాయమయినది కాదేమో.

చదువు సంగతి మనకు, ముఖ్యంగా ఇటువంటి కళాశాలకు, చాలా దగ్గరిది. మన దేశంలో అరవై దాటినవారిలో 7.4 శాతానికి, అంటే సుమారు 88 లక్షల మందికి, డిమెన్షియా ఉన్నదని 2023లో వెలువడిన జాతీయ స్థాయి అంచనా. పురుషులలో కంటె స్త్రీలలో ఎక్కువ. పట్టణాలలో కంటె గ్రామాలలో ఎక్కువ. స్త్రీల మెదడు తక్కువది కనుక కాదు. వారిని బడికి పంపలేదు కనుక అన్నది ఇందులో పెద్ద భాగం. ఆ సన్యాసినుల పరిశోధనలోనే, ఇరవై రెండేళ్ళ ప్రాయంలో వారు రాసుకున్న స్వీయచరిత్రల వాక్యాలను లెక్కగట్టి చూచారు. భావాలు చిక్కగా పేర్చి రాసినవారికి అరవై ఏళ్ళ తరువాత వ్యాధి తక్కువగా వచ్చింది. ఆ రాత వెనుక ఉన్నది చదువో, సహజమయిన తెలివో చెప్పలేం గాని, వార్ధక్యానికి కావలసిన పెట్టుబడి యౌవనంలోనే జమ అవుతుందన్నది స్పష్టం. మా నానీమా అన్నదమ్ములు ముగ్గురూ ఉర్దూ మాధ్యమంలో చదివారు. ఒకరు తహసీలు కచేరీలో గుమాస్తా అయ్యారు. ఆమెను ఖురాను చదవడం దాకా నేర్పి ఆపేశారు. ఆ నిర్ణయం 1930ల చివర ఒక ఇంటి అరుగు మీద జరిగింది. దాని ఖరీదు 2021లో చెల్లించవలసి వచ్చిందని నేను అనుకోకుండా ఉండలేకపోతున్నాను. మా తరగతి గదుల్లో రెండవ సంవత్సరం మధ్యలో చదువు మానేసి వెళ్ళిపోయే అమ్మాయిల పేర్లు హాజరుపట్టీలో కొట్టివేస్తున్నప్పుడల్లా ఇది గుర్తుకు వస్తుంది. వారిలో కొందరు 2095లో కూడా బ్రతికి ఉంటారు.

బడికి పోని మనిషికి చదువుకు బదులు మరేదయినా ఉంటుందా? ఇందుకు ఒక జవాబు మన హైదరాబాదు నుండే వచ్చింది. నిజాం వైద్య విజ్ఞాన సంస్థలో డాక్టర్ సువర్ణ అల్లాడి, ఆమె సహచరులు 648 మంది డిమెన్షియా రోగుల వివరాలను పరిశీలించి 2013లో ప్రకటించారు. తెలుగు, దక్కనీ ఉర్దూ, హిందీ, ఇంగ్లీషులలో రెండో అంతకంటె ఎక్కువో భాషలు మాట్లాడేవారికి, ఒకే భాష మాట్లాడేవారికంటె సగటున నాలుగున్నర సంవత్సరాలు ఆలస్యంగా వ్యాధి మొదలయింది. ఆసక్తికరమయినది ఏమిటంటే, అక్షరం ముక్క రానివారిలో కూడా ఆ తేడా కనిపించింది. రెండు భాషలు చాలు. మూడు, నాలుగు వచ్చినందువలన అదనపు లాభం లేదు.

ఉర్దూ, తెలుగు రెండూ నడిచే కళాశాలలో తెలుగు చెప్పుకునేవాడికి ఇంతకంటె సంతోషకరమయిన వార్త ఏముంటుంది? కాని సంతోషంలో నిజాన్ని మరువరాదు. అది ఆస్పత్రికి వచ్చినవారి లెక్క. వారికి వ్యాధి మొదలయిన సగటు వయస్సు అరవై ప్రాంతం, తొంభై కాదు. న్యూయార్కులో స్పానిష్ మాట్లాడే వలస కుటుంబాల వృద్ధులను ఏళ్ళ తరబడి వెంబడించి చూచిన మరొక పరిశోధన 2014లో అటువంటి రక్షణ ఏదీ కనబడలేదన్నది. నా నమ్మకం మటుకు హైదరాబాదు వైపే మొగ్గుతున్నది. మన ఊళ్ళలో రెండవ భాష బడిలో నేర్చినది కాదు, పక్కింటివారితో బ్రతికినందువలన వచ్చినది. రోజుకు నూరుసార్లు ఒక భాషలోంచి మరొక భాషలోకి దాటడం ఉత్త మాటల కసరత్తు కాదు, మనుషుల మధ్య ఉండడం కూడా. మా నానీమా ఇంట్లో దక్కనీలోనూ, గడప దాటితే తెలుగులోనూ మాట్లాడేది. తెలుగులో బేరం చేసి, ఉర్దూలో తిట్టుకునేది.

ఇక చెవులు. 2019లోనే, ఆ పరీక్ష జరిగిన రెండు నెలలకు, ఎవరో చెబితే చెవుల డాక్టరు వద్దకు తీసుకువెళ్ళాము. రెండు చెవుల్లోనూ గుబిలి గడ్డకట్టి ఉన్నది. అది తీసినా వినికిడి చాలా తక్కువని తేలింది. చెవికి మిషను పెట్టించాము. మొదటి వారం పీకి పారేసింది. తరువాత అలవాటు పడింది. నెల తిరిగేసరికి సగం మనిషి తిరిగి వచ్చింది. మా చెల్లెలి పెళ్ళి మాటలు గోడవతల నుండి విని, కట్నం సంగతి మీద ఆమె చేసిన వ్యాఖ్య ఇక్కడ అచ్చు వేయదగినది కాదు. అంతకు ముందు ఏడాదిపాటు మేము చాదస్తమని పేరు పెట్టినదానిలో సగం వట్టి చెవుడు. వినబడనివాడు ఊహించి జవాబు చెబుతాడు. ఊహ తప్పితే నవ్వుతాం. రెండుసార్లు నవ్వితే ఆ మనిషి మాట్లాడడం మానేస్తాడు. మానేసినవాడిని చూచి మతి పోయిందంటాం.

మిషను పెడితే డిమెన్షియా రాదని మాత్రం నేను అనను. అమెరికాలో 70 నుండి 84 ఏళ్ళ మధ్యగల 977 మందితో జరిపి 2023లో ప్రకటించిన పరీక్షలో, మూడేళ్ళలో అందరికీ కలిపి చూస్తే తేడా లేదు; ముందే ముప్పు ఎక్కువగా ఉన్నవారిలో మాత్రం క్షీణత దాదాపు సగం మేరకు నెమ్మదించింది. మా ఇంట్లోనూ అట్లే జరిగింది. రెండేళ్ళు తెలివిగా ఉన్నది. 2021 చివర అసలు వ్యాధి వచ్చింది. ఈసారి చెవులు వింటూనే ఉన్నాయి, విన్నది నిలవలేదు. ఇంట్లోనే ఉండి ఇంటికి పోదామనేది. మా అమ్మను తన అక్క అనుకునేది. అప్పుడు గాని నాకు ఆ రెండింటికీ ఉన్న వ్యత్యాసం తెలియలేదు. మొదటిసారి లేని రోగాన్ని ఉన్నదన్నాం. రెండవసారి బంధువులు, "తొంభై ఏళ్ళు, మామూలే" అంటూ ఉన్న రోగాన్ని లేదన్నారు.

మామూలు కాదు. నెదర్లాండ్సులో హెండ్రిక్యే వాన్ ఆండెల్-షిప్పర్ అనే స్త్రీ 1890లో పుట్టి 2005లో, 115 ఏళ్ళకు మరణించింది. నూట పన్నెండవ ఏట పరీక్షిస్తే ఆమె తెలివి అరవై, డెబ్బై ఏళ్ళవారి సగటుకంటె మిన్నగా ఉన్నది. మరణానంతరం మెదడులో అల్జ్‌హైమర్ గుర్తులు లేవన్నంత స్వల్పం. ఒక్క మనిషి ఉదాహరణతో సిద్ధాంతం నిలవదు. కాని తొంభయ్యో నూరో నిండితే మతి పోయి తీరుతుందన్న సిద్ధాంతాన్ని పడగొట్టడానికి ఒక్కరు చాలు.

కనుక ఇంట్లో పెద్దవారు తడబడుతున్నప్పుడు పేరు పెట్టేముందు చూడవలసినవి కొన్ని ఉన్నాయి. చెవులు, కళ్ళు సరే. థైరాయిడ్, బి-12 విటమిన్ లోపం రక్తపరీక్షలో తెలుస్తాయి. నిద్రమాత్రలు, అలర్జీ మాత్రలు ఆ వయసులో మతిని మసకబారుస్తాయి. నిన్నటిదాకా బాగున్న మనిషి నేడు అకస్మాత్తుగా అయోమయంలో పడితే అది డిమెన్షియా కాకపోవచ్చు. మూత్రంలో ఇన్‌ఫెక్షనో, ఒంట్లో నీరు తగ్గడమో కావచ్చు. ఆ రోజే వైద్యునికి చూపాలి. భర్త పోయిన ఆరు నెలలకు మాట మానేసిన అవ్వకు ఉన్నది దుఃఖం కావచ్చు. పేద వృద్ధులకు వినికిడి యంత్రాలు, ఊతకర్రలు, కళ్ళద్దాలు ఉచితంగా ఇచ్చే కేంద్ర ప్రభుత్వ పథకం 2017 ఏప్రిలులో మన నెల్లూరులోనే ప్రారంభమయింది. దాని పేరు విన్నవారు మా అధ్యాపకుల గదిలో నాకు ఒక్కరు కనబడలేదు.

ఈ ఏడు మన జాతీయ సేవా పథకం విద్యార్థుల చేత ఒక పని చేయించాలని ప్రిన్సిపాలుగారికి విన్నవించుకున్నాను. చెట్లు నాటడం మంచిదే. నాటిన చెట్లే ఏటేటా నాటుతున్నాం. దానికి బదులు కళాశాల చుట్టూ ఉన్న పది వీధుల్లో ఎనభై అయిదు దాటినవారు ఎందరున్నారో ఇంటింటికీ వెళ్ళి రాయాలి. వయస్సు ఆధార్ కార్డు చూచి కాదు, పోలీసు చర్య నాటికి ఎంతవారు, ఫలానా కరవునాటికి ఎందరు పిల్లలు అని అడిగి లెక్కగట్టాలి. వెనుకనుండి పిలిస్తే పలుకుతారా, కుర్చీలోంచి సొంతంగా లేస్తారా, ఏయే భాషలు వచ్చు, రోజుకు ఎవరితో ఎంతసేపు మాట్లాడతారు, ఇంతే ప్రశ్నలు. తేదీ ఏ పంచాంగంలో చెప్పినా రాసుకోవాలి. ఉర్దూ విభాగం వారు, తెలుగు విభాగం వారు జంటలుగా వెళితే ఏ ఇంట్లోనూ భాష అడ్డు రాదు.

నమూనాగా మొదటి వీధి నేనే తిరిగాను. మా నానీమా ఇంటికి ఎదురింట్లో ఉన్న అవ్వ పేరు మొదటిగా రాశాను. ఆమెకు ఉర్దూ ఒక్క ముక్క రాదు. నానీమాతో యాభై ఏళ్ళు తెలుగులోనే మాట్లాడింది. వయసు ఎంత అని కోడలిని అడిగితే తెలియదన్నది. రోజుకు ఎవరితో మాట్లాడుతుందని అడిగితే, "మీ నానీమా పోయినకాడి నుంచి ఎవరితోని మాట్లాడుతలేదు సార్, మతి పోయినట్టున్నది" అన్నది. నేను వెళ్ళి అవ్వ చెవి దగ్గర వంగి పలకరించాను. కొంతసేపు నా ముఖం వంక చూచి, నానీమా పెద్దకొడుకు పేరు పెట్టి పిలిచి, మీ అమ్మ ఏది నాయనా అని అడిగింది. కాగితం మీద ఏమి రాయాలో తోచక, ఆ గడి ఖాళీగా వదిలి, చెవుల డాక్టరు ఏ రోజుల్లో వస్తాడో కోడలికి రాసి ఇచ్చి వచ్చాను.